రాయపురం నుంచి లంకకు, ఒక తెల్ల బంతి వెంట

మా ఆయన తనకు ఎడమ పక్కన పెట్టిన కాఫీ గ్లాసును మోచేత్తో తోసెయ్యడం మొదలుపెట్టి ఏడాది దాటింది. మొదట్లో చెయ్యి తగిలిందేమోలే అనుకుని తుడిచేదాన్ని. తర్వాత సందు మలుపులో పక్కింటివాళ్ళ నీళ్ళ డ్రమ్ముకు స్కూటరు రాసేశాడు. చెన్నై రాయపురంలో మా సందు ఎంత ఇరుకో తెలిసినవాళ్ళకు అదేమీ వింత కాదు. కానీ అదే డ్రమ్ముకు మళ్ళీ రాశాడు, మళ్ళీ రాశాడు, ప్రతిసారీ ఎడమ పక్కే. నాకు ఆయన కన్ను మీద అనుమానం పట్టుకుంది. కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయనకు పట్టరాని కోపం. హార్బర్లో క్రేను నడిపి రిటైరైన మనిషి. అంత ఎత్తులో కూర్చుని కింద ఓడ కడుపులోకి చూస్తూ, పెట్టె మీద పెట్టె ఇటూ అటూ జరక్కుండా దించేవాడు. "నా కన్నుకేమయిందే? ఆ డ్రమ్ము ఆడ ఎందుకు పెడతారో వాళ్ళనడుగు పో" అంటాడు. ఆయన స్కూటరు తీసుకుని బయటికి పోతే తిరిగి వచ్చేదాకా నేను గడపలోనే నిలబడి ఉంటాను.

ఈ సంగతంతా ఎందుకు చెప్తున్నానంటే, మేము శ్రీలంక పోయి గోల్ఫ్ ఆడటానికి కారణం ఇదే. మా అమ్మాయి సుధ మొగుడు కిషోర్ విజయవాడ అబ్బాయి, ఇక్కడ చెన్నైలో కంప్యూటరు ఉద్యోగం. ఆఫీసువాళ్ళతో కలిసి గోల్ఫ్ నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరూ నాలుగు రోజులు లంకకు పోతూ మమ్మల్నీ రమ్మన్నారు. మా ఆయనకు టీవీలో గోల్ఫ్ చూడటం ఇష్టం. ఎవరూ అరవరు, ఎవరూ తోసుకోరు, ఇదేం ఆటబ్బా అని నోరు తెరుచుకుని చూస్తాడు. సుధ అదే అదనుగా పట్టుకుంది. "నైనా, ఆడ నువ్వు కూడా ఆడు. కొట్టిన బంతి నీకు కనబడితే నేను మళ్ళీ ఆస్పత్రి మాట ఎత్తను. కనబడలేదంటే, వచ్చిన వారంలోనే నాతో కంటి డాక్టరు దగ్గరికి రావాల. సరేనా?" అంది. ఆయన నవ్వాడు. "తెల్ల బంతి, పచ్చ గడ్డి. కనబడకుండా ఏడికి పోతుంది? సరే పో" అన్నాడు. మాట అంటే మాటే, ఆయన తప్పడు. అందుకే, నీళ్ళన్నా విమానమన్నా భయపడే నేను కూడా పెట్టె సర్దాను.

మీలో ఎవరైనా పోవాలనుకుంటే దారి చెప్తాను. లంకకు వీసా ముందే కంప్యూటర్లో తీసుకోవచ్చు, కిషోర్ ఇంట్లో కూర్చునే నలుగురికీ తీశాడు. మా రాయపురం వైపువాళ్ళకు టాక్సీ అక్కర్లేదు. వన్నారపేటలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా మీనంబాక్కం విమానాశ్రయంలోనే దిగవచ్చు. మెట్రోలో కూర్చున్నాక గ్యాసు కట్టేశానా లేదా అని అనుమానం వచ్చింది. సుధ తన ఫోను తీసి, కట్టేసి ఉన్న గ్యాసు బుడ్డి ఫోటో చూపించింది. నేను అడుగుతానని తెలిసి ముందే తీసి పెట్టుకుందట. కొలంబోకు విమానం ఎంతసేపో అని నేను స్వెట్టరు, మందులు, పెరుగన్నం అన్నీ తెచ్చుకున్నాను. గంటన్నర కూడా పట్టలేదు. కాఫీ ఇచ్చిన గ్లాసులు వెనక్కి తీసుకునేలోపే బెల్టు పెట్టుకోమన్నారు. మా పక్కనే ఉన్న ఎన్నూరుకు లారీల మధ్య బస్సులో పోయినా ఒక్కోసారి అంతసేపవుతుంది.

విమానాశ్రయం బయట మా వ్యాను డ్రైవరు రవీంద్రన్ నిలబడి ఉన్నాడు. త్రికోణమలై వైపు మనిషి, తమిళం మాట్లాడతాడు కాబట్టి నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ బండి ఎక్కగానే కొత్త భయం పట్టుకుంది. దారి తెలుసా నాయనా అని అడిగితే "ఓం" అన్నాడు. బ్రేకులు బాగున్నాయా అంటే "ఓం". మళ్ళీ చీకటి పడేలోపు చేరతామా అంటే "ఓం, ఓం" అన్నాడు. అడిగినదానికల్లా దేవుణ్ణి తలుచుకుంటున్నాడంటే బండి పరిస్థితి ఏమిటో అని నేను సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కాసేపు చూసి మా ఆయన వంగి, "ఏం తంబీ, మీ ఊళ్ళో భక్తి ఎక్కువా?" అని అడిగాడు. రవీంద్రన్ అద్దంలో చూసి పడీపడీ నవ్వాడు. అక్కడి తమిళంలో ఓం అంటే ఔను అనట. మన చెన్నైలో ఆమా అంటామే, అదే. "అమ్మా, నేను దండం పెడితే అప్పుడు భయపడండి. ఓం అంటే భయం లేదు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, మిగిలిన నాలుగు రోజులూ నేను కూడా ఓం అనే అన్నాను.

దక్షిణం వైపు పెద్ద రోడ్డు నున్నగా ఉంది. దారి పొడుగునా రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు, అరటి. మా వైపు సముద్రం ఒడ్డు రోడ్డంటే లారీలు, దుమ్ము, మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే ముక్కు మూసుకోవడం. ఇక్కడ కూడా సముద్రమే కదా, ఈ గాలికి వాసన ఎందుకు లేదా అని నేను అద్దం దించి పీలుస్తూనే ఉన్నాను. మూడు నాలుగు గంటల ప్రయాణం. వ్యాను ముందే మాట్లాడుకుంటే మేలు, విమానాశ్రయంలో అప్పటికప్పుడు అడిగితే ఎక్కువ చెప్తారట. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడున్నర దాకా వస్తాయి. దారిలో టీ కొట్టువాడు రెండు వందలు అన్నప్పుడు నాకు గుండె ఆగింది. తర్వాత లెక్క వేసుకుంటే మన ఊళ్ళో కూడా కొంచెం మంచి హోటల్లో అంతే.

రిసార్టు సముద్రం ఒడ్డునే. రాత్రి భోజనానికి నల్లగా, ఎండిపోయినట్టుగా ఒక చేప కూర పెట్టారు. రాయపురంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు చేప సంగతి చెప్పక్కర్లేదు. అది సూర చేపే, కానీ పులుపు చింతపండుది కాదు. ఉండబట్టలేక వంటింటి గుమ్మం దాకా పోయి అడిగాను. వంటాయన నల్లటి ఎండు ముక్కలు నాలుగు అరచేతిలో పోసి, "గొరక" అన్నాడు. ఒక రకం కాయను ఎండబెడతారట. ముక్కలకు మిరియాలతో కలిపి పట్టించి, నీళ్ళు ఇగిరిపోయేదాకా చిన్న మంట మీద ఉంచుతారట. ఎన్ని రోజులు నిలవుంటుందని అడిగితే, "మిగిలితే కదా అమ్మా తెలిసేది" అన్నాడు. కొంచెం గొరక పొట్లం కట్టించుకుని వచ్చాను. వచ్చేసరికి మా ఆయన నీళ్ళ గ్లాసు బల్ల మీద దొర్లుతూ ఉంది. సుధ నా మొహం చూసింది. గ్లాసు ఎడమ పక్కదే.

గోల్ఫ్ మర్నాడు పొద్దున్నే. ఎండ ముదరకముందే మొదలుపెట్టమన్నారు, ఆ మాట మీరూ వినండి. పద్దెనిమిది గుంటలు ఆడితే సగం రోజు పడుతుంది, మా లాంటివాళ్ళకు తొమ్మిది చాలు. కర్రలు అద్దెకు ఇస్తారు, సంచి మోసే మనిషి, తిరగడానికి చిన్న బ్యాటరీ బండి, అన్నీ కలిపి మనిషికి మన డబ్బులో ఆరేడు వేలు అయింది. ఆడనివాళ్ళు ఊరికే బండిలో కూర్చోవచ్చు. పంచె, కాలరు లేని చొక్కా ఒప్పుకోరు. మా ఆయన కిషోర్‌ది కాలరున్న టీ షర్టు వేసుకుని అద్దంలో తిప్పి తిప్పి చూసుకున్నాడు.

సంచి మోసే మనిషి పేరు సునీల్, నలభై దాటి ఉంటాయి. కొలంబోలో తమిళవాళ్ళ కొట్లో పని చేశాడట, తమిళం బాగానే మాట్లాడతాడు. మొదటి చోట నిలబడగానే "సార్, టీ" అన్నాడు. "వద్దు తంబీ, ఇప్పుడే కాఫీ తాగినా" అన్నాడు మా ఆయన. బంతిని నిలబెట్టే చిన్న కొయ్య మేకును టీ అంటారని అప్పుడు తెలిసింది. నేను అడగాల్సినవన్నీ అడిగాను. జెండా ఎందుకు? గుంట దూరానికి కనబడదు కాబట్టి. ఇసుక గుంటలు ఎందుకు? బంతి అందులో పడితే కష్టపడాలని. కష్టం కోసం ఎక్కడినుంచో ఇసుక తెచ్చి పోస్తారా అని నాకు ఆశ్చర్యం. మా సందులో ట్యాంకరు నీళ్ళకు బిందెలు వరసలో పెడతాం, ఈ గడ్డికి ఎక్కడినుంచి ఇన్ని నీళ్ళు అంటే, వాన నీళ్ళు పట్టి పెట్టుకున్న చెరువు చూపించాడు. చెరువు గట్టు మీద మొసలంత ఉడుము ఒకటి ఎండకు పడుకుని ఉంది. "బంతి ఆ పక్క పడితే వదిలేస్తాం అమ్మా, అది ఆయనది" అన్నాడు సునీల్. దూరంగా నెమళ్ళు. ఇంత బాగున్న చోట కూడా నా కళ్ళు మటుకు బంతి మీదే. అంత గట్టి బంతి ఎవరి నెత్తి మీదైనా పడితే?

మా ఆయన మొదటి దెబ్బకు బంతి కదల్లేదు, గడ్డిపెళ్ళ ఒకటి లేచి కిషోర్ బూటు మీద పడింది. "బాగుంది మావయ్యగారూ, ఇంకొంచెం పైన" అన్నాడు కిషోర్. రెండోది తగిలింది. బంతి నేరుగా పోయి జెండాకు ఇవతల పడి దొర్లింది. "చూసినావా సుధా? ఆడ పడింది, జెండాకు ఈ పక్క!" అని కర్ర ఎత్తి చూపించాడు. సరిగ్గానే చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. నా అనుమానమే తప్పేమో, ఏడాదిగా ఊరికే దడుచుకున్నానేమో అనుకున్నాను.

రెండో గుంట దగ్గర బంతి మొదట నేరుగా పోయి, తర్వాత ఎడమకు తిరిగింది. ఆయన ఇంకా ఎదురుగానే చూస్తున్నాడు. "ఏడికి పోయిందే?" అన్నాడు. "ఎడమ పక్క, వంగిన కొబ్బరిచెట్టు మొదట్లో" అన్నాను. సునీల్ పోయి అక్కడే తీశాడు. ఆ తర్వాత కూడా అంతే. నేరుగా పోతే ఆయన చెప్పాడు, ఎడమకు పోతే నేను చెప్పాను. సునీల్‌కు నా మీద గురి కుదిరి, "అమ్మా, ఏ చెట్టు?" అని నన్నే అడగసాగాడు. "దాని పనే అది తంబీ. ఏది ఎవరి నెత్తిన పడుతుందా అని పొద్దస్తమానం చూస్తా ఉంటుంది" అన్నాడు మా ఆయన. అందరం నవ్వాం, నేను కూడా.

సుధ మాత్రం నవ్వలేదు. "నైనా, ఎడమకు పోయినవి ఒక్కటి కూడా నువ్వు చెప్పలా" అంది. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "కొట్టినవాడు తల దించుకునే ఉండాలని మీ ఆయనే నేర్పించినాడు గదా. తల దించుకుంటే బంతి ఎట్టా కనబడుతుంది? ఏం అల్లుడూ?"

"అవునండీ మావయ్యగారూ, తల దించే ఉంచాలి" అన్నాడు కిషోర్. సుధ చూసిన చూపుకు పాపం చేతి గ్లవ్వు విప్పుకుంటూ పక్కకు పోయాడు. పందెం తేలకుండా పోయేట్టుంది. ఊరికి పోయాక మళ్ళీ స్కూటరు, మళ్ళీ గడపలో నేను.

నాలుగో గుంట దగ్గర జరిగింది. మేము జెండాకు కొంచెం ఇవతల గడ్డిలో నిలబడి ఉన్నాం. మా ఆయన జెండా వైపు చూస్తూ ఎంత దూరముందో అంచనా వేస్తున్నాడు. పక్క వరసలో ఎవరో ఆడుతున్నారు, చెట్ల వెనక కనబడటం లేదు. ఉన్నట్టుండి అటునుంచి ఒక మగగొంతు "ఫోర్!" అని గట్టిగా అరిచింది. మన చెన్నైలో ఫోర్ అంటే ఏమిటి? ఎవరో బౌండరీ కొట్టారు. ఇంత నిశ్శబ్దంగా ఉండేచోట కూడా ఒకడికి ఉత్సాహం వచ్చిందే అని నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన నన్ను మించి, అంపైరు మాదిరి చెయ్యి ముందుకు చాచి అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే సునీల్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఈయనకేమైందని అనుకునేలోపే చెట్ల పైనుంచి తెల్లగా ఒకటి రావడం చూశాను. నేరుగా మా ఆయన ఎడమ పక్కకు.

"ఏమయ్యా, ఎడమ పక్క! ఎడమ పక్క!" అని అరిచాను. బంతి ఆయనకు బారెడు దూరంలో దబ్బున పడి, ఎగిరి, ఆయన ఎడమ మోకాలి పక్కనుంచి పోయి ఇసుకలో దిగబడింది. ఆయన చెయ్యి ఇంకా ఫోరు ఊపుతూనే ఉంది. నవ్వుతూ మా వైపు తిరిగి, "ఎవుడబ్బా కొట్టింది? బంతి ఏది?" అన్నాడు.

సునీల్ లేచి ఇసుకలో బంతి చూపించాడు. ఫోర్ అంటే నాలుగు కాదట. బంతి మీ వైపు వస్తోంది, తల కాచుకోండి అని ముందున్నవాళ్ళకు చెప్పే అరుపట. ఆయన బంతిని చూశాడు, అది పడినచోట గడ్డిలో పడ్డ గుంట చూశాడు, అది తన కాలికి ఎంత దగ్గరో చూశాడు. కొట్టినాయన, ఎర్రగా కందిపోయిన తెల్లదొర ఒకాయన, ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుని సారీ చెప్పాడు. మా ఆయన అతని భుజం తట్టి, "నో ప్రాబ్లం, గుడ్ షాట్" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది కానీ వచ్చి బండిలో కూర్చుండిపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. ఆయన కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. దాన్ని అలాగే మూసి ఉంచి, ఎడమ చెయ్యి పక్కకు బారుగా చాచి, ఎదురుగా చూస్తూనే ఆ చేతిని మెల్లగా ముందుకు తిప్పుతూ వచ్చాడు, క్రేను చెయ్యి తిరిగినట్టు. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక ఆపాడు. చెయ్యి వెనక్కి తీసుకుపోయి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈడికి వస్తే గానీ నా చెయ్యి నాకు కనబడలేదే" అన్నాడు.

ఏడాదిగా చెప్తున్నానే అని నోటిదాకా వచ్చింది. "ఓం" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది.

ఇంక ఆట ఆపేద్దామన్నాడు కిషోర్. ఆయన వినలేదు. డబ్బు కట్టినాం గదా, తొమ్మిదీ ఆడాల్సిందే అన్నాడు. కానీ బండి ఎక్కలేదు, నడుస్తానన్నాడు. పెళ్ళైనప్పటినుంచీ నాకు నాలుగడుగులు ముందు నడిచే మనిషి. ఆ రోజు నిలబడి, నేను వచ్చేదాకా ఆగి, "నువ్వు ఈ పక్కకు రా" అని నన్ను తన ఎడమ పక్కకు తిప్పుకున్నాడు. సుధకు వినబడేట్టు గట్టిగా, "ఊరికి పోయినాక సోమవారం ఏ టైముకే ఆస్పత్రి?" అని అడిగాడు. సుధ మొహం అటు తిప్పుకుని "పొద్దున్నే నైనా" అంది.

ఊరికి వచ్చాక చూపించాం. నీటికాసులంటారట, ఇంగ్లీషులో గ్లకోమా, పక్కచూపు ముందు పోతుందట, నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదట. పోయిన చూపు తిరిగి రాదన్నారు డాక్టరమ్మ. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు రాసిచ్చారు, రోజూ తప్పకుండా వెయ్యాలి, నేనే వేస్తున్నాను. స్కూటరు మీద ఆయనే గుడ్డ కప్పాడు. పక్కింటివాళ్ళ డ్రమ్ము ఎక్కడిదక్కడే ఉంది. గొరకతో సూర చేప రెండుసార్లు వండాను, ఆ వంటాయన చెప్పింది నిజమే, మిగల్లేదు.

నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని, గోల్ఫ్ గురించి పెద్దగా చెప్పలేను. గుంటలో బంతి పడిందా లేదా అన్నది ఆడేవాళ్ళ గోల. నాకు ఆశ్చర్యంగా ఉన్నది వేరే. అంత పెద్ద మైదానంలో, ఒకరికొకరు కనబడని దూరంలో, బంతి కొట్టిన మనిషి ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం గొంతు చించుకుని అరుస్తాడు. అరవకపోతే తప్పట. ఇంట్లో అలా అరిస్తే మా ఆడవాళ్ళను ఊరికే దడుచుకునే మనుషులు అంటారు. ఇప్పుడు మేమిద్దరం కూరగాయలకు పోయినా నేను ఎడమ పక్కే నడుస్తాను. సైకిలు వస్తే "ఫోర్" అంటాను. ఆయన ఠక్కున ఆగిపోతాడు.

పోయేవాళ్ళకు ఒక్క మాట. గోల్ఫ్ మైదానంలో ఎవరైనా ఫోర్ అని అరిస్తే తలెత్తి చూడకండి, చప్పట్లు కొట్టకండి. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, ఉన్నచోటే కూర్చోండి. పక్కన ఉన్న మనిషి కూర్చోకపోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టండి, వాళ్ళకు కనబడలేదేమో.